ఓజోన్ ఖాళీలను సగటుతో నింపవచ్చా?
గణాంక భాష ఆర్‌తో వచ్చే ఎయిర్‌క్వాలిటీ (గాలి నాణ్యత) డేటాలో ఓజోన్ ఖాళీలను సగటుతో నింపాక, ఓజోన్‌ను అంచనా వేసే మోడల్‌లో ఉష్ణోగ్రత గుణకం (ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ఓజోన్ ఎంత మారుతుందో చెప్పే సంఖ్య) ఎందుకు తగ్గిందని మీరు అడిగారు. 1973లో న్యూయార్క్‌లో నమోదైన ఆ 153 రోజుల్లో 37 రోజులకు ఓజోన్ విలువ లేదు. ఎండ మండిన రోజుకూ చల్లని రోజుకూ ఒకే సగటు రాస్తే ఓజోన్‌కూ ఉష్ణోగ్రతకూ ఉన్న సంబంధం పలచబడుతుంది, పైగా ప్రామాణిక దోషం (అంచనాలోని అనిశ్చితి కొలత) ఉండవలసినదానికన్నా చిన్నదిగా కనిపిస్తుంది, అసలు ప్రమాదం అదే.

ఓజోన్ మీరు అంచనా వేస్తున్న రాశే కనుక ఓజోన్ విలువ లేని వరుసలను వదిలేయండి. అయితే ఖాళీల్లో 21 ఒక్క జూన్‌లోనే ఉన్నాయి కాబట్టి నెలను కూడా మోడల్‌లో చేర్చడం అవసరం. ఇక సౌర వికిరణం లేని వరుసలు అయిదే మిగులుతాయి. వాటికి ఆర్‌లోని మైస్ ప్యాకేజీతో బహుళ పూరణ (ఖాళీని పలుమార్లు వేర్వేరు సంభావ్య విలువలతో నింపి ఫలితాలను కలపడం) చేయండి, ఆ పూరణ మోడల్‌లో ఓజోన్‌ను తప్పక ఉంచండి.