బాయిడ్స్, బ్లడ్స్ లాంటి ప్రైవేటు సిటీ పోస్టు స్టాంపులు: విడిగా వద్దు, కవరుతో కొనండి

మీరు అడిగింది ఇదీ: నిజాం స్టాంపులు పోగుచేసే మీకు అమెరికా వచ్చాక ఒక పాత ఆల్బమ్‌లో, భూగోళం మీద గద్ద నిలబడ్డ బొమ్మతో, "బాయిడ్స్ సిటీ ఎక్స్‌ప్రెస్, రెండు సెంట్లు" అని ఉన్న ఆకుపచ్చ బిళ్ళ దొరికింది. అది అసలు పోస్టల్ స్టాంపేనా, ఇలాంటివి సేకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పోస్టల్ స్టాంపే, కాకపోతే ప్రభుత్వం వేసింది కాదు. పాత ఆల్బమ్‌లో విడిగా దొరికింది కాబట్టి మీ దగ్గరున్నది రీప్రింటో (తర్వాతెప్పుడో మళ్ళీ అచ్చేసింది) ఫేకో అయ్యే అవకాశమే ఎక్కువ. నేను న్యూజెర్సీలో ఉంటూ చాలా ఏళ్ళుగా ఫిలడెల్ఫియా, న్యూయార్క్ లోకల్ పోస్టుల, అంటే ఊరి లోపల ఉత్తరాలు పంచిన ప్రైవేటు పోస్టుల, కవర్లు కొంటున్నాను, ఆ అనుభవంతోనే చెప్తున్నా.

1840ల్లో అమెరికా పోస్టాఫీసు పనల్లా ఉత్తరాన్ని ఊరి నుంచి ఊరికి చేర్చడమే. వచ్చిన ఉత్తరం కోసం మనమే కౌంటర్‌కి వెళ్ళాలి, లేదంటే ఇంటికి తెచ్చిచ్చినవాడికి పైన ఒక సెంటో రెండు సెంట్లో ఇచ్చుకోవాలి. పెద్ద నగరాల్లో ఇంటికి ఉచితంగా తెచ్చివ్వడం 1863 జూలై 1 నుంచి గానీ మొదలవలేదు. ఒకే ఊళ్ళో ఈ వీధి నుంచి ఆ వీధికి ఉత్తరం పంపాలంటే మరీ ఇబ్బంది, ఆ ఖాళీలోకే ప్రైవేటువాళ్ళు దూరారు. 1842 ఫిబ్రవరిలో అలెగ్జాండర్ గ్రేగ్ న్యూయార్క్‌లో సిటీ డెస్పాచ్ పోస్ట్ పెట్టి వాషింగ్టన్ బొమ్మతో మూడు సెంట్ల స్టాంపు వేశాడు. ఇంగ్లండ్‌లో ప్రపంచంలోనే మొదటి స్టాంపు పెన్నీ బ్లాక్ వచ్చి అప్పటికి రెండేళ్ళు కాలేదు. అమెరికాలో అతికించే స్టాంపు అంటూ మొదట వాడిందే ఇతను, ప్రభుత్వం దేశమంతటికీ స్టాంపులు వేసింది 1847లో! 1842 ఆగస్టులోనే ప్రభుత్వమే అతని సర్వీసుని కొనేసిందనుకోండి. ఊరికీ ఊరికీ మధ్య ఉత్తరాలు మోసిన హేల్ అండ్ కంపెనీ, అమెరికన్ లెటర్ మెయిల్ కంపెనీ లాంటివి వేరే కథ, వాటిని 1845 చట్టం మూయించింది. ఊరి లోపల తిరిగేవాళ్ళ జోలికి మాత్రం ఆ చట్టం రాలేదు, అందుకే న్యూయార్క్‌లో 1844లో మొదలైన బాయిడ్స్ గానీ, ఫిలడెల్ఫియాలో బ్లడ్స్ గానీ అన్నేళ్ళు నడిచాయి.

నాకు బాగా ఇష్టమైంది బ్లడ్స్. వాళ్ళ తొలి స్టాంపుల్లో, సంచీ మోస్తున్న మనిషి ఫిలడెల్ఫియా భవనాల మీదుగా పెద్ద పెద్ద అంగలేస్తూ పోతుంటాడు. ప్రపంచం ఇంకా రాణి తలకాయలూ అంకెలూ అచ్చేస్తున్న రోజుల్లో అలాంటి బొమ్మ వేయాలని వాళ్ళకి తోచింది. కేసు కూడా గెలిచారు. నగర వీధులన్నీ పోస్టల్ దారులే కాబట్టి ప్రైవేటువాళ్ళు తిరగకూడదని ప్రభుత్వం అంటే, అప్పట్లో బ్లడ్స్ నడుపుతున్న కోకర్స్‌పెర్గర్ మీద వేసిన కేసులో 1860లో కోర్టు అతని వైపే తీర్పిచ్చింది. దాంతో 1861 మార్చిలో కాంగ్రెస్ చట్టాన్నే మార్చేసింది, లోకల్ పోస్టుల్లో చాలావాటికి అక్కడితో కాలం చెల్లింది. (బాయిడ్స్ వాళ్ళు గట్టివాళ్ళు, బ్యాంకులకీ కంపెనీలకీ నోటీసులు పంచే పనితో తర్వాత కూడా చాలాకాలం నెట్టుకొచ్చారు.)

ఇక ఫేకుల సంగతి, దీని గురించే మీరు టెన్షన్ పడాల్సింది. సరిగ్గా ఈ కంపెనీలు మూతపడుతున్న 1860ల్లోనే స్టాంపుల పిచ్చి మొదలైంది, అందరికీ లోకల్ పోస్టుల స్టాంపులు కావాలి, సరుకేమో లేదు. న్యూయార్క్‌లో సొంత పోస్టు నడిపిన జార్జ్ హస్సీనే సేకర్తల కోసం తనవీ ఇతరులవీ మళ్ళీ అచ్చేసి అమ్మాడు. బోస్టన్‌లో శామ్యూల్ అలెన్ టేలర్ ఇంకో మెట్టు పైకెళ్ళి, అసలు ఎన్నడూ లేని పోస్టులకి కూడా స్టాంపులు పుట్టించాడు. జె. డబ్ల్యూ. స్కాట్ లాంటి పెద్ద డీలర్లు కూడా రీప్రింట్లు అమ్మారు. అంటే ఇవి ఇప్పటి మోసాలు కావు, నూట యాభై ఏళ్ళ నాటివి, కాగితం పాతదే, రంగు వెలిసే ఉంటుంది, తాతగారి ఆల్బమ్‌లోనే ఉంటాయి, అందుకే జనం నమ్మేస్తారు.

కాబట్టి నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, విడి స్టాంపు వదిలేసి కవరు కొనండి. కవరుని ప్రశ్నలడగొచ్చు. అడ్రసు అదే ఊళ్ళోదా? వేరే ఊరిదైతే పక్కన ప్రభుత్వ స్టాంపో, కనీసం పోస్టాఫీసు వేసిన రేటు ముద్రో ఉందా? నిజాం స్టాంపు రాష్ట్రం దాటితే చెల్లేది కాదని మీకు తెలుసుగా, ఇక్కడా అంతే, లోకల్ పోస్టువాడు ఉత్తరాన్ని పోస్టాఫీసు దాకా మోసేవాడు, అక్కణ్ణుంచి ప్రభుత్వం. నా దగ్గర బ్లడ్స్ స్టాంపూ మూడు సెంట్ల ప్రభుత్వ స్టాంపూ పక్కపక్కనే ఉన్న కవరు ఒకటుంది, ఫిలడెల్ఫియా నుంచి లాంకాస్టర్‌కి వెళ్ళింది, మొత్తం పద్ధతంతా ఆ ఒక్క కవరు మీద కనిపిస్తుంది. ఉత్తరం మీద తేదీ ఉంటే ఆ ఏడాదికి ఆ స్టాంపు వాడుకలో ఉందో లేదో స్కాట్ స్పెషలైజ్డ్ క్యాటలాగ్‌లో చూడండి (బ్లడ్స్ 15ఎల్, బాయిడ్స్ 20ఎల్ నంబర్ల కింద ఉంటాయి). ముద్ర సగం స్టాంపు మీద, సగం కవరు మీద పడి ఉంటే మంచిదే, కానీ పడనంత మాత్రాన ఫేక్ అని తేల్చేయకండి. బ్లడ్స్ వాళ్ళు కొన్ని స్టాంపుల్ని మళ్ళీ వాడకుండా సిరాతో కాక యాసిడ్‌తో రద్దు చేశారు, అది చూడ్డానికి పాడైపోయిన మరకలాగే ఉంటుంది, ఆ మరక వల్లే నేను చాలా మంచి కవరుని తక్కువ ధరకి కొన్నాను. ఎక్కువ మోసం జరిగేది ఇంకోచోట: స్టాంపు లేకుండా వెళ్ళిన మామూలు పాత కవరు మీద తర్వాత ఎవరో లోకల్ స్టాంపు అతికిస్తారు. ఖరీదైనది కొనేముందు, స్టాంపు అసలుదో కాదో పరీక్షించి చెప్పే ఫిలాటలిక్ ఫౌండేషన్ సర్టిఫికెట్ అడగండి, లేదంటే వెనక్కిచ్చే షరతు మీద కొనండి. ఇలాంటి స్టాంపులు సేకరించేవాళ్ళ సంఘం కేరియర్స్ అండ్ లోకల్స్ సొసైటీలో చేరితే వాళ్ళ పత్రిక 'ది పెన్నీ పోస్ట్' వస్తుంది, ఫేకుల్ని రకం రకంగా విడదీసి రాస్తారు.

అమెరికావి ఖరీదనిపిస్తే జర్మనీవి చూడండి. అక్కడ 1871 చట్టం ఊళ్ళో ఉత్తరాల్ని ప్రభుత్వ గుత్తాధిపత్యంలో పెట్టలేదు, దాంతో 1886 నుంచి నగరాల్లో హంసా, కురియర్, మెర్కుర్ లాంటి పేర్లతో ప్రైవేటు పోస్టులు పుట్టాయి. బెర్లిన్‌లో ప్యాకెట్‌ఫార్ట్ కంపెనీ అన్నిటికన్నా పెద్దది. 1900 మార్చి 31తో చట్టం వాటన్నిటినీ మూసేసింది, నష్టపరిహారం ఇచ్చిందిలెండి. సేకర్తల కోసమే వేసిన రంగురంగుల స్టాంపులు వాటిలో బోలెడు, అవి నాకంత రుచించవు. నిజంగా వాడిన పోస్టుకార్డులు మాత్రం బాగుంటాయి, పైగా మనకి అందుబాటు ధరల్లో దొరుకుతాయి.

మీ గద్ద స్టాంపు విషయానికొస్తే, దాన్ని నీళ్ళలో వేసి ఊడదీయకండి, నునుపు పూత వేసిన రంగు కాగితమైతే పాడవుతుంది. సర్టిఫికెట్‌కి ఇప్పుడే డబ్బు తగలేయకండి కూడా. మీ దగ్గర్లోని క్లబ్‌లో ఎవరి దగ్గరైనా అసలైన బాయిడ్స్ కవరు ఉంటే, ఆల్బమ్ పేజీతో సహా తీసుకెళ్ళి పక్కన పెట్టి, గద్ద ఈకలూ అక్షరాల అంచులూ లెన్స్‌తో పోల్చి చూడండి. తేడా ఏమీ దొరక్కపోతే అప్పుడు సర్టిఫికెట్‌కి పంపండి.