హర్ కీ దూన్ బయలుదేరే ముందు సంచి తూచుకో

చిరంజీవి కార్తీక్‌కు,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన సామాన్ల జాబితా చూశాను. అక్టోబరు చివర్లో ఉత్తరాఖండ్ హిమాలయాల్లోని హర్ కీ దూన్ లోయకు, కూలీలు లేకుండా మీ ముగ్గురే మోసుకుని వెళతామన్నారు, సంతోషం. నీ సంచి 17 కిలోలు తూగిందట. నువ్వేమో 62 కిలోల మనిషివి. ఒంటి బరువులో అయిదో వంతు మించి వీపు మీద ఉండకూడదని కొండలెక్కేవాళ్ల పాత లెక్క. ఆ ప్రకారం నీ హద్దు సుమారు పన్నెండున్నర. పదకొండుకు దిగితే నడక హాయిగా సాగుతుంది. జాబితా అడుగున ‘తేలిక టెంటు, బ్యాగు కొనాలి, ముప్పై వేలు’ అని రాసుకున్నావు చూడు, అది చదివాకే ఈ ఉత్తరానికి కూర్చున్నాను. ఇప్పుడే పైసా తీయకు. కొనడం అన్నిటికన్నా చివరి పని.

ముందు మీ అమ్మ వంటింట్లో వాడే డిజిటల్ తూకం తెచ్చుకో. సంచి నేల మీద గుమ్మరించి, ఒక్కో వస్తువునూ విడిగా తూచి గ్రాముల్లో రాయి. సబ్బు పెట్టె, ఛార్జరు తీగ, ఏదీ వదలకు. తిండి, నీళ్లు, గ్యాసు వేరే వరుసలో వెయ్యి, అవి వాడేకొద్దీ తగ్గేవి. మిగిలింది మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా నీ వీపు మీదే ఉంటుంది. అమెరికాలో ఈ విద్యలో ఆరితేరినవాళ్లు దాన్ని నాలుగున్నర కిలోల లోపుకు తెస్తారు. నీకు ఆ పందెం వద్దు, ఏడెనిమిది చాలు.

నీ జాబితాలోనే చూడు. టెంటు 4.3 కిలోలు, ఖాళీ బ్యాగు 2.6, స్లీపింగ్ బ్యాగు 2. ఈ మూడింటికే దాదాపు 9 కిలోలు, మొత్తంలో సగానికి పైన. నువ్వేమో టూత్‌బ్రష్ పిడి కోసేయాలా అని అడుగుతున్నావు!

నలుగురు పట్టే టెంటు అది. ముగ్గురూ పడుకుంటారు, మోసేది నువ్వొక్కడివా? లోపలి గుడ్డ నీకు, పై కప్పు ఒకరికి, కడ్డీలూ మేకులూ ఇంకొకరికి. దాంతో నీ వాటా కిలోన్నరకు వస్తుంది. కానీ స్టవ్వూ గిన్నెలూ ఎవరి దగ్గర ఉన్నాయో కూడా అడుగు. ముగ్గురి సామానూ ఒకే గదిలో పోసి పంచుకుంటేనే న్యాయం. అప్పుడే మూడు చాకులు, మూడు టూత్‌పేస్టులు, మూడు పవర్ బ్యాంకులు బయటపడతాయి.

స్లీపింగ్ బ్యాగు విషయంలో మాత్రం తొందరపడకు. హర్ కీ దూన్ సుమారు 3,500 మీటర్ల ఎత్తు. మీరు వెళ్లే రోజుల్లో రాత్రిళ్లు సున్నా డిగ్రీల కిందికి పోతుంది. బ్యాగు మీద పెద్ద అక్షరాలతో ఉన్న అంకె చూసి మోసపోకు. చాలాసార్లు అది ప్రాణం మీదికి రాకుండా ఉండే హద్దు, నిద్ర పట్టే హద్దు కాదు. ‘కంఫర్ట్’ అని విడిగా ఒక అంకె ఉంటుంది, దాన్నే నమ్ము. బాతు ఈకల బ్యాగు అదే వెచ్చదనాన్ని కిలో, కిలోంపావులో ఇస్తుంది, కానీ ఖరీదెక్కువ, తడిస్తే ఎందుకూ కొరగాదు. కొనకుండా అద్దెకు తీసుకో. దారిలోని సాంక్రీ ఊళ్లోనూ అద్దె దుకాణాలున్నాయి. ఇక్కడే తూచి తీసుకెళ్లగలిగితే మరీ మంచిది. వీపు సంచి జోలికి ఇప్పుడు పోకు. సామాను తగ్గాక 50 లీటర్ల సంచిలో పడుతుందో లేదో చూసి, అప్పుడు ఎవరినైనా అడిగి తెచ్చుకో.

బట్టల దగ్గర నాకు నవ్వొచ్చింది. రెండు జీన్సు ప్యాంట్లా? ఒక్కొక్కటి ముప్పావు కిలో దాకా ఉంటుంది, తడిస్తే ఆ చలికి ఆరదు. నడిచేటప్పుడు ఒంటి మీద ఒక జత, రాత్రి పొడిగా కట్టుకోవడానికి ఒక జత, ఉన్ని సాక్సులు మూడు జతలు, అంతే. ఆ బొచ్చు టవలు తీసేసి మీ తాతయ్య వాడే సన్న నేత తువ్వాలు పెట్టుకో. నూరు గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, మెడకు చుట్టుకోవచ్చు, వేడి గిన్నె పట్టుకోవచ్చు, గంటలో ఆరుతుంది.

నీళ్లు రెండు లీటర్లు అన్నావు. లీటరంటే కిలో. తాలూకా గ్రామం నుంచి దారి సుపిన్ నది పక్కనే పోతుంది, నీటికి కరువుండదు. లీటరు చాలు. అయితే పైన ఊళ్లూ గొర్రెల మందలూ ఉన్నాయి కాబట్టి క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగి తాగండి, మంచులాంటి నీళ్లయితే ఇంకాసేపు ఆగాలి. స్టీలు సీసా ఇంట్లో వదిలెయ్యి.

తిండి ఎండుది అయితే మనిషికి రోజుకు 600, 700 గ్రాములు సరిపోతుంది. దారిలో ఓస్లా గ్రామంలో ఇళ్లలో భోజనం దొరుకుతుంది కాబట్టి అన్ని పూటలకూ మోయక్కర్లేదు. కొవ్వులో గ్రాముకు 9 కేలరీలు, పిండిపదార్థంలో 4. అందుకని పల్లీలు, సున్నుండలు పట్టుకెళ్లు. వేడినీళ్లు పోస్తే తయారయ్యే అటుకులు, దానిపైకి కందిపొడి. మీ అమ్మ గాజు సీసాలో ఆవకాయ సర్దుతుంది, నాకు తెలుసు. చెల్లెలికి నేను ఫోను చేసి చెబుతాను, నువ్వు నోరెత్తకు.

తగ్గించకూడనివీ ఉన్నాయి. వాన కోటు, దళసరి జాకెట్టు, టోపీ, చేతి తొడుగులు, తల దీపం, మందులు. మాత్రల సీసాలు వద్దు, స్ట్రిప్పులే పెట్టు. కత్తిరిస్తే మందు పేరూ గడువు తేదీ ఉన్న ముక్క పోకుండా చూడు. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల అమెరికన్ మామ్మ తాను కుట్టుకున్న గుడ్డ సంచి భుజాన వేసుకుని, టెంటుకు బదులు స్నానాలగది ప్లాస్టిక్ తెరతో, 3,000 కిలోమీటర్లకు పైగా ఉన్న అపలాచియన్ దారి మొత్తం ఒంటరిగా నడిచింది. ఆవిడంటే నాకెంతో గౌరవం. అయినా ఆ తెర కప్పుకుని హిమాలయాల్లో పడుకోమని మాత్రం నీకు చెప్పను.

పవర్ బ్యాంక్ 10,000 mAhది ఒక్కటి ముగ్గురికీ చాలు. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, రాత్రి ఫోను స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకో. ఢిల్లీ దాకా విమానమన్నావు కాబట్టి, పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి. గ్యాసు డబ్బా ఏ సంచిలోనూ పెట్టనివ్వరు, డెహ్రాడూన్‌లో కొనుక్కోండి.

తూకం వేసిన కాగితం ఆదివారం లోగా ఫొటో తీసి పంపు. ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంటాను.

మీ పెద్దమ్మ