ఆ పచ్చ ఇటుక బతుకమ్మ కిందకి వద్దు

కోసిన పూలు పడిపోకుండా, తొందరగా వాడిపోకుండా నిలబెట్టేవాటి గురించి ఈ నెల చాలా ప్రశ్నలొచ్చాయి. పండగలూ పెళ్లిళ్లూ వరసగా ఉన్నాయి కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో సద్దుల బతుకమ్మని మనిషెత్తు చేద్దామనుకుంటున్నాం. డెకరేషన్ అతను పచ్చ ఫోమ్ ఇటుకలు పేర్చి వాటికి పూలు గుచ్చితే వాడదు, ఒరగదు అంటున్నాడు. తర్వాత పద్మాక్షి గుట్ట దగ్గర గుండంలో నిమజ్జనం చేస్తాం. ఫర్వాలేదా మేడమ్?
(హన్మకొండ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: వద్దండి. ఇంట్లో బల్ల మీద పెట్టే పూలకైతే ఆలోచించేదాన్నేమో, నీళ్లలో వదిలే బతుకమ్మకి మాత్రం అస్సలు వద్దు.

ఆ ఇటుక ఏమిటో ముందు చెప్తాను. 1954లో అమెరికాలోని ఒహాయోలో వెర్నన్ స్మిథర్స్ అనే ఆయన దీన్ని పూల కోసం తయారుచేశాడు, ఒయాసిస్ అనే పేరుతో అమ్మాడు. ఫినాల్, ఫార్మాల్డిహైడ్ కలిపి చేసే ప్లాస్టిక్ రెజిన్‌ని నురగలా పొంగించి గట్టిపడనిస్తే వచ్చేది ఇదే, లోపలంతా ఒకదాంట్లోకి ఒకటి తెరుచుకున్న సన్నటి గదులుంటాయి. 23 సెంటీమీటర్ల పొడవు, 11 వెడల్పు, 8 ఎత్తు ఉండే మామూలు ఇటుకని పొడిగా చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు, నీళ్లు పీల్చాక మాత్రం ఇంచుమించు రెండు లీటర్లు పట్టి ఉంచుతుంది. అంతకుముందు కాడని పట్టుకోవడానికి ఒకటి, నీళ్లకి ఇంకోటి కావాల్సి వచ్చేది. ఇది ఆ రెండు పనులూ ఒక్కటే చేసింది, పైగా కాడని ఏ వాలులో గుచ్చితే ఆ వాలులోనే ఆపింది, అందుకే పూల పనివాళ్లు దీన్ని అంతగా పట్టుకున్నారు. గొప్ప ఆలోచనే, కాదనను.

కానీ దాన్ని గోటితో నొక్కి చూడండి, పచ్చటి పొడి రాలుతుంది. ఆ పొడి ప్లాస్టికే, మట్టిలో కలవదు, నీళ్లలో కరగదు, ఇంకా ఇంకా సన్నగా విరిగిపోతుందంతే. మెల్‌బోర్న్‌లోని ఆర్ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు 2020లో ప్రచురించిన పరిశోధనలో ఈ రేణువుల్ని నీళ్లలో ఉండే చిన్న చిన్న జీవులు మింగుతున్నాయనీ, ఫోమ్‌లోంచి నీళ్లలోకి దిగే రసాయనాలు వాటికి హాని చేస్తున్నాయనీ చూపించారు. మొక్కల నుంచి చేశామని చెప్పే రకం ఫోమ్‌ని కూడా వాళ్లు పరీక్షించారు, అదీ నిరపాయం కాదని తేలింది, కాబట్టి డబ్బా మీద ఆకు బొమ్మ చూసి ధైర్యపడకండి. చెల్సీ ఫ్లవర్ షో నడిపే బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తన ప్రదర్శనలన్నింట్లోనూ 2021 నుంచి ఫోమ్‌ని ఆపేసింది. పూలతోనే బతికే సంస్థ అంత మాట అనుకుందంటే అది చిన్న విషయం కాదు.

ఇక అసలు సంగతి. బతుకమ్మకి ఫోమ్ అవసరమే లేదు. సిబ్బిలోనో తాంబాళంలోనో గుమ్మడి ఆకులు పరిచి, కాడలు లోపలికీ పూలు బయటికీ ఉండేలా వరసలు పేర్చుతూ, కత్తిరించిన కాడల ముక్కలూ మిగిలిన ఆకులూ మధ్యలో కుక్కి అదుముతూ వెళ్తారు కదా, ఆ కుక్కిన పచ్చి చెత్తే స్తంభం. పైవరస కింది వరస కాడల్ని నొక్కిపెడుతుంది, ఒక్కో వరసా కాస్త లోపలికి జరుగుతుంది కాబట్టి బరువు నడిమికి దిగుతుంది. గునుగు ఎండినా రంగు పోదు, ఆకారం చెడదు, అందుకే దాన్ని కట్టలు కట్టి అంత ఎక్కువగా వాడతారు. తంగేడు వడలుతుంది నిజమే, అయితే ఆ సాయంత్రం ఆట అయ్యేదాకా నిలిస్తే చాలు, రెండ్రోజులు ఎవరికి కావాలి? మీది మనిషెత్తు అంటున్నారు కాబట్టి లోపల వెదురు బద్దలతో గోపురంలా చట్రం కట్టించండి, మేదరి పని తెలిసినవాళ్లు చేసిస్తారు. చట్రాన్ని గట్టు మీదే తీసేసి పూలని మాత్రమే నీళ్లలో వదలండి, వచ్చే ఏడు మళ్లీ అదే చట్రం పనికొస్తుంది.

ప్రశ్న: రిసెప్షన్ బల్లల మీద ఫోమ్‌లో గులాబీలు పెట్టించాం. సాయంత్రానికే తలలు వాల్చేశాయి. ఫోమ్ కోసి చూస్తే మధ్యలో పొడిగా ఉంది. మోసపోయామా?
(కాకినాడ)

జవాబు: మోసం కాకపోవచ్చు, తొందరపడి ఉంటారు. ఇటుకని నీళ్లలో వేసి చేత్తో ముంచకూడదు. ముంచితే చుట్టూ తడిసి గాలి లోపలే చిక్కుకుపోతుంది, ఆ గాలి ఉన్నచోటికి చేరిన కాడకి చుక్క అందదు. తొట్టిలో వదిలేస్తే దానంతటదే తడిసి కిందికి దిగాలి. ఒకసారి గుచ్చిన కాడని కొంచెం పైకి లాగినా అడుగున ఖాళీ మిగిలిపోతుంది, లాగితే మళ్లీ కొత్తచోట గుచ్చుకోవాలి. ఎండిపోయిన ఇటుక రెండోసారి సరిగ్గా తడవదు.

ఈసారి మాత్రం హార్డ్‌వేర్ షాపులో కోళ్ల జాలీ అడగండి. మూరెడు ముక్క కత్తిరించి, ఉండలా నలిపి, వెడల్పాటి గిన్నెలో ఇరికించి నీళ్లు పోయండి. కాడ రెండు మూడు కన్నాల్లోంచి దూరుతుంది కాబట్టి ఒరగదు, నీళ్లు నేరుగా అందుతాయి. లండన్‌లో కాన్స్టన్స్ స్ప్రై అనే ఆవిడ పెద్ద పెద్ద పూల అలంకరణలకి ఈ జాలీనే వాడేది, 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకానికి పూలు అమర్చింది కూడా ఆవిడే. నీళ్లలో మునిగేచోట ఆకులు దూసేయండి, అవి కుళ్లితే కాడలు మూసుకుపోతాయి.

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడ ఇకెబానా, అంటే జపాన్‌వాళ్ల పూల అమరిక, నేర్చుకుంటోంది. ముళ్ల పీటలాంటి కెంజాన్ కొన్నాం. గులాబీ నిలుస్తుంది కానీ సన్నకాడ పూలు ముళ్ల మధ్య పడిపోతున్నాయి ఆంటీ.
(న్యూజెర్సీ)

జవాబు: సన్నకాడని ఒంటరిగా గుచ్చొద్దమ్మా. ఏదైనా లావుపాటి కాడని అంగుళం ముక్క కోసి, దాంట్లోకి సన్నదాన్ని దూర్చి, ఆ ముక్కని ముళ్ల మీద గుచ్చమను. మెత్తటి కాడని అడ్డంగా తిన్నగా కోయాలి, కొమ్మలైతే ఏటవాలుగా కోసి, నిలువుగా గుచ్చాక కావాల్సిన వైపుకి వంచాలి. కెంజాన్‌కి అడుగు సీసం, ముళ్లు ఇత్తడి, అందుకే అంత బరువు. పని అయ్యాక చేతులు కడుక్కోమని చెప్పు, సీసం కదా.

అమ్మాయికి ఇదీ చెప్పు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో జపాన్‌లో ఒహారా ఉన్షిన్ అనే ఇకెబానా గురువు లోతులేని వెడల్పు పళ్లేల్లో పూలు అమర్చే మోరిబానా పద్ధతి మొదలుపెట్టాడు. పళ్లెంలో ఆనుకోవడానికి అంచు ఉండదు, అందుకే కెంజాన్ అంతగా వాడకంలోకి వచ్చింది. అంతకుముందు రిక్కా అనే పెద్ద అమరికల్లో వరిగడ్డిని కట్టలు కట్టి కుండీ మూతిలో బిగించి, ఆ గడ్డిలోకి కొమ్మలు గుచ్చేవాళ్లు. మనూళ్లో పొలానికి వెళ్తే దొరికే గడ్డే! వీలైతే ఒకసారి దాంతో చేయించి చూడండి, నాకు ఫోటో పంపండి.

ప్రశ్న: బొకేలకి చుట్టే మెరిసే కాగితం సెల్లోఫేన్ కదా, అది చెక్కగుజ్జుతో చేస్తారు కాబట్టి మట్టిలో కలుస్తుందని ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా?
(హైదరాబాద్ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: అసలు సెల్లోఫేన్ అయితే నిజమే. స్విట్జర్లాండ్‌కి చెందిన జాక్ బ్రాండెన్‌బర్గర్ దాన్ని 1908లో కనిపెట్టాడు. హోటల్లో టేబుల్‌క్లాత్ మీద వైన్ ఒలికితే చూసి మరక పట్టని బట్ట చేద్దామని మొదలుపెట్టాడట, గుడ్డకి పూసిన పూత పలచటి పొరలా ఊడొచ్చేసరికి ఆ పొరే అసలు సరుకైంది. కానీ ఇప్పుడు గుడిమల్కాపూర్ మార్కెట్‌లోనైనా, వీధి చివరి బొకే షాపులోనైనా మీ చేతికొచ్చేది ఎక్కువగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. చిటికెడు ముక్కని పట్టకారుతో పట్టుకుని వెలిగించు, సెల్లోఫేన్ కాగితంలా కాలి బూడిదవుతుంది, ప్లాస్టిక్ ముడుచుకుని కరిగి బొట్టు కడుతుంది. బొకే ఇంటికి రాగానే ఏది చుట్టినా విప్పేసి, కాడల చివర అంగుళం కోసి నీళ్లలో పెట్టు. చూడ్డానికి బాగుందని అలాగే వదిలేస్తే లోపల చెమ్మ పట్టి రేకులు మచ్చలెక్కుతాయి.

ప్రశ్న: అత్తయ్యగారు అరటినారతో కట్టి, ఆకులో చుట్టిన మల్లెలే కావాలంటారు. దారంతో కట్టి కవర్లో ఇస్తే తప్పేంటి?
(తెనాలి)

జవాబు: ఆవిడ మాటే నాదీనూ. మల్లెమొగ్గ కాడ మరీ లేతది, దారం బిగిస్తే కోసుకుపోతుంది. నారని నీళ్లలో నానబెట్టి చీల్చుకుంటే మెత్తగా చుట్టుకుంటుంది, ముడి జారదు, దాని తడి కాసేపు పూలకీ అందుతుంది. అటు రెండు, ఇటు రెండు మొగ్గలు పెట్టి మెలివేసే చేతికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. కోసినా పూలు ఊపిరి తీస్తూనే ఉంటాయి, కవర్లో పెడితే ఆ చెమ్మ, వేడి బయటికి పోక అంచులు గోధుమరంగుకి తిరుగుతాయి. ఆకు అయితే కొంచెం తడి ఉంచి, కొంచెం గాలి ఆడనిస్తుంది.

నార దొరక్కపోతే లావుపాటి నూలుదారం తడిపి వాడండి. రేపటికి దాచాలంటే విచ్చుకోని మొగ్గలే తీసుకుని, బాగా పిండేసిన తడిగుడ్డలో వదులుగా చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచండి.