క్రూయిజ్‌కి మన వైన్, మన కూల్‌డ్రింకులు: ఎక్కడిదాకా చెల్లుతాయి?

సందేహం: డిసెంబరులో సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల క్రూయిజ్ బుక్ చేసుకున్నాం. నేను, మా ఆవిడ, మా అమ్మ, 19 ఏళ్ల అబ్బాయి, ఎనిమిదేళ్ల పాప. రెండు క్యాబిన్లు. ఓడలో రేట్లు మండిపోతాయని విని, ఇక్కడి నుంచే నాలుగు వైన్ సీసాలు, రెండు లీటర్ల కూల్‌డ్రింకులు ఆరు, ఒక కేసు లీటరు నీళ్ల సీసాలు పట్టుకెళ్దామనుకుంటున్నాం. "ఏం ఫర్లేదు, తీసుకెళ్లండి" అన్నాడు టికెట్లు తీసిన ఏజెంటు. కంపెనీ షరతుల్లో మాత్రం ఏవో పరిమితులున్నాయి. బయటి పానీయాలు ఆపే హక్కు వాళ్లకుందా? ఆపితే హైదరాబాద్‌లోనే కేసు వేయొచ్చా? వచ్చేటప్పుడు ఎన్ని సీసాలు తెచ్చుకోవచ్చు?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఆపే హక్కు వాళ్లకుంది. కేసు హైదరాబాద్‌లో వేయొచ్చు గానీ, సీసా ఆపారన్న ఒక్క కారణంతో వేస్తే నిలవదు. వచ్చేటప్పుడు పెద్దవాళ్లు ఒక్కొక్కరు రెండు లీటర్ల వరకు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. మీ సీసా మాత్రం ఒక్క చట్టం కింద ప్రయాణం చేయదు. ఇంటి దగ్గర తెలంగాణ ఎక్సైజ్ చట్టం, విమానంలో ఏవియేషన్ నిబంధనలు, దిగాక సింగపూర్ కస్టమ్స్, మెట్లెక్కేటప్పుడు టికెట్ ఒప్పందం. ఓడవాళ్లు సరేనన్నారని కస్టమ్స్‌వాళ్లు సరేననరు. కస్టమ్స్ వదిలిందని ఓడవాళ్లూ వదలరు.

హక్కు మాట ముందు చూద్దాం. సినిమా హాళ్లలోకి బయటి తిండి రానివ్వకపోవడంపై వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2023 జనవరి 3న తీర్పిచ్చింది. హాలు యజమానిది ప్రైవేటు ఆస్తి, లోపలికి ఏం రావాలో షరతు పెట్టుకునే స్వేచ్ఛ ఆయనకుందని చెప్పింది. నిషేధం ఎత్తేయమన్న జమ్మూకశ్మీర్ హైకోర్టు ఆదేశాన్ని కొట్టేసింది. అయితే తాగునీరు ఉచితంగా అందుబాటులో ఉంచాలని, పసిపిల్లలకు తల్లిదండ్రులు తెచ్చే ఆహారాన్ని అడ్డుకోకూడదని కూడా ఆ తీర్పులో ఉంది. ఓడకూ ఇదే తర్కం మరింత బలంగా వర్తిస్తుంది, ఎందుకంటే టికెట్ కొనేటప్పుడే మీరు షరతులకు ఒప్పుకున్నారు. ఇక ఎమ్మార్పీ సంగతి. హోటళ్లు, రెస్టారెంట్లు నీళ్ల సీసాను ఎమ్మార్పీ కంటే ఎక్కువకు అమ్మినా తప్పు కాదని 2017 డిసెంబరు 12నే సుప్రీంకోర్టు తేల్చింది. విదేశీ జెండా ఎగరేసుకుని సింగపూర్ నుంచి బయల్దేరే ఓడలో ఎమ్మార్పీ వాదన అసలు అడుగే పెట్టదు.

మీ కంపెనీ పేరు మీరు రాయలేదు. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి కాబట్టి మూడింటివి చెప్తాను, తేడా మీకే తెలుస్తుంది. రాయల్ కరీబియన్ ప్రకటించిన నిబంధనల్లో, మద్యం తాగే వయసున్న ప్రతి ప్రయాణికుడూ ఎక్కే రోజున సీలు తీయని 750 మిల్లీలీటర్ల వైన్ లేదా షాంపేన్ సీసా ఒకటి తెచ్చుకోవచ్చు. కూల్‌డ్రింకులు, నీళ్లు కలిపి క్యాబిన్‌కు 12, ఒక్కోటి 17 ఔన్సులు దాటకూడదు, అంటే దాదాపు అర లీటరు. కార్నివాల్‌లోనూ వైన్ 750 మిల్లీలీటర్ల సీసా ఒక్కటే, కానీ 21 దాటినవాళ్లకే. కూల్‌డ్రింకులు మనిషికి 12, అవీ 12 ఔన్సుల డబ్బాలో, కార్టన్లో అయితేనే. కూల్‌డ్రింకు సీసా గాజుదైనా ప్లాస్టిక్‌దైనా లోపలికి రాదు. నార్వేజియన్‌ది మరో దారి. వైన్ ఎన్ని సీసాలైనా తెండి, సీసాకు 15 డాలర్లు కట్టండి అంటుంది.

ఇక్కడ మనవాళ్లు బోల్తాపడే మాట ఒకటుంది. మన ఊళ్లో 'వైన్స్' బోర్డు కింద దొరికేదంతా వైన్ కాదు. షరతులో ఉన్నది ద్రాక్ష వైన్, షాంపేన్ మాత్రమే. విస్కీ, బ్రాందీ, బీరు ఆ లెక్కలోకి రావు. లీటరు సీసా, అట్టపెట్టె వైన్ కూడా రావు.

మీ లెక్క రాయల్ కరీబియన్ పద్ధతిలో వేసి చూద్దాం. ఆసియా ప్రయాణాల్లో ఆ కంపెనీ పెట్టిన వయసు 18, ఉత్తర అమెరికాలో అయితే 21. కాబట్టి మీ అబ్బాయిది కూడా ఒక సీసా. మీ అమ్మగారు తాగరనుకోండి, అయినా ఆవిడ వంతు ఆవిడకుంటుంది. లెక్క వయసును బట్టే గానీ అలవాటును బట్టి కాదు. నాలుగు సీసాలు సరిపోయాయి. రెండు లీటర్ల కూల్‌డ్రింకులు ఆరూ గేటు దగ్గరే ఆగిపోతాయి. లీటరు నీళ్ల సీసాలదీ అదే గతి. అర లీటరువి అయితే రెండు క్యాబిన్లకు కలిపి 24, నీళ్లూ కూల్‌డ్రింకులూ అన్నీ అందులోనే. పాపకు డాక్టరు చెప్పిన పాలో, ప్రత్యేక ద్రవమో ఉంటే వైద్య, ఆహార అవసరాల కింద మినహాయింపు ఉంది. ప్రిస్క్రిప్షన్ వెంట ఉంచుకోండి.

సీసాలు పోర్టర్‌కిచ్చే పెట్టెలో పెట్టకండి. చేతిసంచిలోనే ఉండాలి, ఎవరి సీసా వాళ్ల సంచిలో. టెర్మినల్లో ప్రతి పెట్టెనూ ఎక్స్‌రేలో చూస్తారు. అనుమానం వచ్చిన పెట్టె క్యాబిన్‌కు రాదు, మీరే సెక్యూరిటీ దగ్గరికి వెళ్లి విప్పి చూపించాలి. మొదటి సాయంత్రం అక్కడే గడిచిపోతుంది. నీళ్ల సీసాలో వోడ్కా పోసుకుని మూత బిగించే తెలివి ఎవరైనా నేర్పితే వినకండి. దాన్ని దాచి తేవడంగా చూస్తారు, పారబోస్తారు, ఓడ నుంచి దించేసే హక్కు కూడా షరతుల్లో రాసుకుంటారు. దించేస్తే టికెట్ డబ్బు తిరిగి రాదు. క్యాబిన్లో మీరే తెరుచుకుని తాగితే కార్కేజ్, అంటే బయటి సీసాకు ఓడవాళ్లు వేసే చార్జీ, ఉండదు. డైనింగ్ హాల్లోకో బార్‌కో తీసుకెళ్తే సీసాకు 15 డాలర్ల వంతున పడుతుంది. నార్వేజియన్‌లో మాత్రం ఎక్కేటప్పుడే కట్టించుకుంటారు.

హైదరాబాద్ నుంచే మోసుకెళ్లడంలో లాభం కనబడదు. విమానంలో చేతిసంచిలో 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవం పోనివ్వరు, వైన్ చెక్-ఇన్ పెట్టెలోనే వెళ్లాలి. 24 శాతం లోపు ఆల్కహాల్ ఉన్న పానీయాలకు ప్రమాదకర వస్తువుల పరిమితి లేదు కనుక వైన్‌కు ఆ ఇబ్బంది లేదు. 24 నుంచి 70 శాతం వాటికి మనిషికి ఐదు లీటర్లు, 70 దాటితే పూర్తిగా నిషేధం. బరువే అసలు చిక్కు. నాలుగు గాజు సీసాలు ఐదు కిలోల దాకా తూగుతాయి, అర లీటరు పానీయాలు 24 అంటే 12 కిలోల పైమాటే. అదనపు బ్యాగేజీ చార్జీతో ఓడ రేటు దగ్గరికి వచ్చేస్తారు.

రాష్ట్ర చట్టం సంగతి. మద్యం రాజ్యాంగం ఏడో షెడ్యూల్ రాష్ట్ర జాబితాలో 8వ అంశం, అందుకే రాష్ట్రం మారితే నియమం మారుతుంది. తెలంగాణలో మద్యం అమ్మకానికి వయసు 21. ఓడలో 18 చాలు కదా అని మీ 19 ఏళ్ల అబ్బాయిని ఇక్కడ షాపుకు పంపకండి, సీసాలు అతని పెట్టెలో సర్దకండి. ఇక్కడ కొన్న సీసాపై ఎక్సైజ్ హోలోగ్రామ్ లేబుల్ చెక్కుచెదరకుండా ఉండాలి, బిల్లు జేబులో ఉండాలి. గోవా నుంచి స్నేహితుడు చవగ్గా తెచ్చిన సీసా మాత్రం ఈ ప్రయాణానికి వద్దు. ఇక్కడ సుంకం కట్టని మద్యాన్ని ఎక్సైజ్ వాళ్లు ఎన్‌డీపీఎల్ అంటారు. గోవా విమానాలు దిగినప్పుడు శంషాబాద్‌లో వాళ్లు తనిఖీలు చేసి కేసులు పెడుతుంటారు.

నా సలహా, సింగపూర్‌లో దిగాకే కొనండి. చాంగీ విమానాశ్రయంలో దిగేచోటే డ్యూటీ ఫ్రీ షాపులున్నాయి. 18 నిండి, 48 గంటలకు పైగా సింగపూర్ బయట ఉండి, మలేసియా నుంచి కాకుండా వచ్చినవాళ్లకు రెండు లీటర్ల రాయితీ ఉంది. రెండు లీటర్లూ వైన్ కావచ్చు, లీటరు వైన్ లీటరు స్పిరిట్స్ కావచ్చు, స్పిరిట్స్ మాత్రం లీటరు మించకూడదు. ఊళ్లో కొంటామంటే రాత్రి 10:30 నుంచి ఉదయం 7 దాకా షాపులు మద్యం అమ్మవు, ఆ వేళల్లో బహిరంగ ప్రదేశంలో తాగడమూ నేరమే. కూల్‌డ్రింకులకు ఆ గొడవ లేదు, ఎక్కే రోజు పొద్దున టెర్మినల్‌కు వెళ్తూ కొనుక్కోవచ్చు. అన్నట్టు, చూయింగ్ గమ్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి, సింగపూర్‌లోకి దాని దిగుమతే నిషేధం.

ఏజెంటు మాట దగ్గరికొద్దాం. నోటితో అన్న "ఏం ఫర్లేదు"కు కోర్టులో బరువుండదు. ఈరోజే వాట్సాప్‌లో ఇలా అడగండి: "మా బుకింగ్ ఫలానా నంబరు. నలుగురు పెద్దవాళ్లం, ఒక్కొక్కరికి 750 మిల్లీలీటర్ల వైన్ సీసా ఒకటి, క్యాబిన్‌కు 12 అర లీటరు కూల్‌డ్రింకులు తీసుకెళ్లడానికి కంపెనీ ఒప్పుకుంటుందా? కంపెనీ నిబంధన కాపీతో సహా జవాబివ్వండి." జవాబు రాగానే స్క్రీన్‌షాట్‌తో ఊరుకోకుండా ఆ ఫోన్‌ను, చాట్‌ను అలాగే ఉంచండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. కంపెనీ వెబ్‌సైట్‌లోని నిబంధనల పేజీని బుకింగ్ రోజున ఒకసారి, బయల్దేరే వారం ముందు ఒకసారి తేదీతో సహా దాచుకోండి. మధ్యలో మారిస్తే అదే మీ ఆధారం.

కేసు ఎప్పుడు నిలుస్తుంది? ఏజెంటు రాతపూర్వకంగా సరేనని, అక్కడ ఆపేస్తే. నిబంధన ప్రకారం అనుమతి ఉన్న సీసాను తీసుకుని రసీదు ఇవ్వకపోతే. ఓడ షాపులో కొని వాళ్ల దగ్గర ఉంచిన సీసా చివరి రోజు తిరిగి ఇవ్వకపోతే. షరతుల్లో లేని చార్జీ వేస్తే. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు జిల్లా కమిషన్‌దే, ఐదు లక్షల లోపు అయితే రుసుము లేదు, గడువు రెండేళ్లు. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. ఒక మెలిక గుర్తుంచుకోండి. "ఈ షరతే అన్యాయమైన ఒప్పందం" అన్నది మీ వాదనైతే జిల్లా కమిషన్‌కు ఆ అధికారం లేదు. 47వ సెక్షన్ కింద రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. తప్పు తలుపు తడితే ఏడాది పోతుంది.

"వివాదాలన్నీ ఫలానా దేశం కోర్టులోనే" అని టికెట్ వెనక ఉంటే భయపడకండి, తేలిగ్గానూ తీసుకోకండి. అమెరికాలో అలాంటి షరతును 1991లో అక్కడి సుప్రీంకోర్టు ఒక క్రూయిజ్ కేసులోనే సమర్థించింది. ఇక్కడ మరో దారి ఉంది. నీటి మీద ప్రయాణికుల రవాణా కూడా ప్రజోపయోగ సేవే కాబట్టి కోటి రూపాయల లోపు వివాదాన్ని అలాంటి సేవల గొడవలు తేల్చే శాశ్వత లోక్ అదాలత్‌కు తీసుకెళ్లొచ్చు. ఢిల్లీ కోర్టులకే పరిధి అన్న విమాన టికెట్ షరతు హైదరాబాద్ శాశ్వత లోక్ అదాలత్‌ను ఆపలేదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. అది హైదరాబాద్ విమానం గురించి వచ్చిన కేసు. కాకపోతే విదేశీ కంపెనీకి ఇక్కడ ఆఫీసు లేకపోతే నోటీసు అందించడం, వసూలు చేయడం రెండూ కష్టం. అందుకే ఇక్కడున్న ఏజెంటును తప్పకుండా ప్రతివాదిగా చేర్చాలి. వెయ్యి రూపాయల సీసా కోసం లాయరు ఫీజు కట్టడం లాభసాటి వ్యవహారం కాదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, చాలావరకు ఏజెంటు అక్కడే దిగొస్తాడు.

మీరు ఇదే సెలవుల్లో మన తీరం నుంచి లక్షద్వీప్ వెళ్లే ఓడ గురించి కూడా ఆలోచిస్తుంటే, అక్కడ బంగారం ద్వీపం తప్ప మిగతా చోట్ల మద్యనిషేధం ఉంది. ఓడలో కొన్న సీసాతో ద్వీపంపై అడుగుపెడితే నేరం.

తిరుగు ప్రయాణంలో, శంషాబాద్‌లో ప్రయాణికుడికి రెండు లీటర్లు సుంకం లేకుండా వస్తాయి. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండే, మూడోది 2.25 లీటర్లవుతుంది. దాటితే రెడ్ ఛానెల్‌లో చెప్పి సుంకం కట్టండి. చెప్పకుండా గ్రీన్ ఛానెల్ దాటితే కస్టమ్స్ చట్టం 111వ సెక్షన్ కింద జప్తు, 112 కింద పెనాల్టీ. తెలంగాణలో అమ్మకం వయసైన 21 మీ అబ్బాయికి నిండలేదు కాబట్టి అతని పేరుతో కూడా రెండు లీటర్లని లెక్క వేసుకోకండి.

ఇక ఓడ షాపులో కొనేవాటి గురించి. మీ క్రూయిజ్ చివరి రేవు పెనాంగో పోర్ట్ క్లాంగో అయితే మీరు సింగపూర్‌లో దిగేది మలేసియా నుంచి వచ్చినవాళ్లుగా. అప్పుడు పైన చెప్పిన సింగపూర్ రెండు లీటర్ల రాయితీ మీకు వర్తించదు, సీసా పట్టుకుని టెర్మినల్ దాటేటప్పుడు సుంకం, జీఎస్టీ కట్టాలి. చివరి రేవు ఫుకెట్ అయితే ఆ ఇబ్బంది లేదు. మీ రూట్ కాగితం తీసి చివరి రేవు ఏదో చూడండి. మలేసియాది అయితే ఓడలో కొనకుండా, హైదరాబాద్ విమానం ఎక్కేముందు చాంగీలోనే కొని, సీలు వేసిన సంచిని ఇంటికి చేరేదాకా విప్పకండి, ఇన్‌వాయిస్ అందులోనే ఉండనివ్వండి.