ఎరుపు మీద పచ్చ ఎందుకు కుదరలేదు?

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేటలో ఒక ప్రెస్సులో డీటీపీ పని చేస్తున్నాను. కారం ప్యాకెట్టుకు డిజైన్ చేయమన్నారు. రంగులను వరుసగా గుండ్రంగా అమర్చి చూపే రంగుల చక్రంలో ఎదురెదురు రంగులు బాగా కుదురుతాయని చదివి, మిరపపండు ఎరుపు మీద ఆకుపచ్చ అక్షరాలు పెట్టాను. చదవబోతే కళ్లు చెదురుతున్నాయి. పైగా తెర మీద మెరిసిన పచ్చ అచ్చులో చప్పబడింది. మంచి చక్రం ఒకటి కొని మొదటి నుంచి నేర్చుకోవాలా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ చక్రం అబద్ధం చెప్పలేదమ్మా, సగమే చెప్పింది. ఏ రంగుకు ఏది ఎదురో చూపింది గానీ, ఏది ఎంత ముదురో చెప్పలేదు. మీ ఎరుపూ పచ్చా దాదాపు ఒకే ముదురులో ఉండి ఉంటాయి. అప్పుడు అక్షరం అంచు కంటికి దొరకదు. డిజైన్‌ను ఫోనులో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చండి. అక్షరాలు మాయమైతే జబ్బు అదే. విజయవాడలో మేం సైన్‌బోర్డులు రాసే రోజుల్లో ఈ సదుపాయం లేదు, కళ్లు సగం మూసి చూసేవాళ్లం. నాకు ఇప్పటికీ ఆ పద్ధతి మీదే గురి. ఎరుపు, పచ్చల తేడా సరిగా తెలియనివారు మగవాళ్లలో కొందరుంటారు. కారం వాళ్లూ కొంటారు కదా!

అక్షరాలను లేత మీగడ రంగులోకి మార్చండి. పచ్చను పూర్తిగా మానేయనక్కర్లేదు. పండుమిరపను చూడండి, కాయంతా ఎరుపు, పచ్చదనం తొడిమకే. ఎదురు రంగులు సరిసమానంగా పంచుకుంటే కొట్లాటే.

ఇంకో సంగతి. పారిస్‌లోని గోబెలిన్ నేత కర్మాగారంలో అద్దకాల విభాగానికి షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త అధికారిగా ఉండేవాడు. నలుపు నూలు వెలవెలబోతోందని ఫిర్యాదులు వచ్చాయి. పరీక్షిస్తే అద్దకంలో లోపం లేదు. పక్కన నేసిన నీలం, ఊదా రంగులే నలుపును అలా చూపిస్తున్నాయి. ఆ పరిశీలనలన్నీ 1839లో పుస్తకంగా వచ్చాయి. ఎరుపు పక్కన బూడిద రంగు కాస్త పచ్చగా కనిపించేదీ అందుకే. మా విజయవాడ బీసెంట్ రోడ్డులో జాకెట్టు గుడ్డకు వెళ్లే ఆడవాళ్లు చీరను వెంట తీసుకెళ్తారు, రంగు గుర్తుందిలే అనుకోరు. మీరూ రంగును విడిగా ఎంచకండి, దాని పొరుగు పక్కన పెట్టి ఎంచండి.

అచ్చులో చప్పబడడం వేరే కథ. తెర ఎరుపు, పచ్చ, నీలం వెలుగులను కలుపుతుంది. ప్రెస్సు సయాన్ (పచ్చ ఛాయ నీలం), మజెంటా (ముదురు గులాబీ), పసుపు, నలుపు సిరాలను కలుపుతుంది. తెర మీది కొన్ని మెరుపు పచ్చలు ఆ సిరాలకు అందవు. ఫైలును మొదటే ఈ నాలుగు సిరాల విధానంలో, అంటే సీఎంవైకేలో తెరవండి, ప్రూఫ్ (నమూనా అచ్చు) చూడకుండా యజమానికి మాట ఇవ్వకండి.

చక్రం కొనొద్దు. ఎరుపు, పసుపు, నీలం వాటర్ కలర్ ట్యూబులు కొని మీరే కలిపి గీసుకోండి. ఎరుపులో కాస్త పచ్చ కలిపితే ఎరుపు ఎలా ముదురుతుందో చూడండి. నలుపు ట్యూబు మాత్రం ఇప్పుడే కొనకండి.