నెట్ లేని మిషన్‌కి ఇంట్లో ఒక కవల ఉండాలి

మీరు అడిగింది: "మా ఆఫీసు సిస్టమ్‌కి ఇంటర్నెట్ లేదు. ఉబుంటులో కొత్త సాఫ్ట్‌వేర్ వేయాలంటే డెబ్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటే చాలా?"

చాలదండీ. డెబ్ అంటే ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్‌లో సాఫ్ట్‌వేర్ వేసుకునే ప్యాకేజీ ఫైల్. అది పనిచేయాలంటే తోడుగా వేరే ప్యాకేజీలు కూడా కావాలి, అవన్నీ ఆ మిషన్‌లోని ఉబుంటు వెర్షన్‌కి సరిపోవాలి. ఆ ఒక్క ఫైల్‌ని నమ్ముకుని వెళ్తే రోజు పోతుంది. నాకు పోయింది.

మా అక్క ఇబ్రహీంపట్నం దాటాక ఒక ఊళ్లో టీచర్. వాళ్ల బడికి మేం నలుగురం డబ్బులు వేసుకుని, సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో 8 పాత కంప్యూటర్లు కొని, ఉబుంటు 20.04 వెర్షన్ వేసి ఇచ్చాం. నెట్ లేదు. పిల్లలకి జీకాంప్రి అనే ఆటల సాఫ్ట్‌వేర్ పెడతానని అక్కకి మాటిచ్చాను. ఇంట్లో నా ల్యాప్‌టాప్‌లో అంతకంటే కొత్తదైన 22.04 ఉంది. అందులోంచే డెబ్ ఫైల్స్ దింపుకుని, శనివారం పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కాను.

మొదటి మిషన్‌లోనే ఆగిపోయింది. వాటికి కావాల్సిన లిబ్‌సి (ప్రోగ్రాములు ఆధారపడే మూల లైబ్రరీ) కొత్తది, 20.04లో ఉన్నది పాత 2.31. వెనకాల పదిమంది పిల్లలు నిలబడి చూస్తున్నారు. ఒక పాప అయితే కుర్చీ చేతులు పట్టుకుని, "సార్, ఇంకెంతసేపు?" అని అడుగుతూనే ఉంది. ఫోన్ హాట్‌స్పాట్ పెడదామంటే ఆ గదిలో సిగ్నల్ ఒక్క గీత. కిటికీ దగ్గర ఫోన్ పట్టుకుని గంట నిలబడ్డాను. మధ్యాహ్నం అన్నం బెల్ కొట్టేశారు. ఆ పాపకి ఏమీ చూపించలేక తిరిగొచ్చాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అందుకే ఇలాంటి ప్రశ్న ఎవరు అడిగినా "హాట్‌స్పాట్ ఆన్ చేసుకో, అయిపోతుంది" అని జవాబిచ్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నెట్ లేదని చెప్పాకే కదా మనిషి అడుగుతున్నది! ఈ మధ్య సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లదీ అదే ధోరణి. టెర్మినల్‌లో ఈ ఒక్క లైన్ పేస్ట్ చేయండి అంటారు, ఆ లైన్ నెట్‌లోకే పరిగెడుతుంది. 22.04లో ఫైర్‌ఫాక్స్ డెబ్ తీసుకెళ్లినా అంతే, అది స్నాప్ స్టోర్ (ఉబుంటు ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్ దుకాణం) కోసం వెతుక్కుని ఆగిపోతుంది. దానికి స్నాప్ డౌన్‌లోడ్ కమాండ్‌తో స్నాప్ ఫైల్, అది అసలుదేనని చెప్పే అసర్ట్ ఫైల్ రెండూ విడిగా తీసుకెళ్లాలి.

సరే, నా పద్ధతి చెప్తాను. ఇంతకంటే మంచిది నేను చూడలేదు. ఆఫీసు మిషన్‌లో ఏ రిలీజ్ (వెర్షన్), ఏ ఆర్కిటెక్చర్ (ప్రాసెసర్ రకం) ఉన్నాయో రాసుకుని రండి. ఇంట్లో వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) అదే ఐఎస్ఓతో (ఇన్‌స్టాల్ చేసే డిస్క్ ఫైల్) దానికి ఒక కవలని తయారుచేయండి. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు దీనికీ నెట్ ఇవ్వకండి, లేకపోతే అప్‌డేట్లు, లాంగ్వేజ్ ప్యాక్‌లు తెచ్చేసుకుంటుంది. ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేశాకే నెట్ కలపండి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. కవల ముందే అప్‌డేట్ అయిపోతే, అక్కడ లేని ఫైల్ ఇక్కడ ఉన్నట్టు లెక్క, అది మీ పెన్‌డ్రైవ్‌లోకి రాదు.

ఆ తర్వాత ఆప్ట్-గెట్ అప్‌డేట్ చేయండి, ఇది ప్యాకేజీల జాబితా మాత్రమే తెస్తుంది. ఉన్న సాఫ్ట్‌వేర్‌ని మార్చేసే అప్‌గ్రేడ్ మాత్రం వద్దు. ఇన్‌స్టాల్ కమాండ్‌కి డౌన్‌లోడ్-ఓన్లీ ఆప్షన్ తగిలిస్తే, కావాల్సినవన్నీ వార్ (var) ఫోల్డర్ లోపల క్యాష్, ఆప్ట్, ఆర్కైవ్స్ వరుసలో చేరిపోతాయి. ఆ డెబ్‌లన్నీ కాపీ చేసుకెళ్లి, అక్కడ ఆప్ట్ ఇన్‌స్టాల్‌కి ఫైళ్లుగా ఇవ్వండి. ఫోల్డర్ పేరు ముందు చుక్క, స్లాష్ మర్చిపోవద్దు, అవి లేకపోతే ఫైల్ అనుకోదు.

ఆప్ట్-ఆఫ్‌లైన్ అని ఒక టూల్ కూడా ఉంది. నెట్ లేని మిషన్ తనకేం కావాలో ఒక ఫైల్‌లో రాసిస్తుంది, ఇంకో కంప్యూటర్ అవి తెచ్చిపెడుతుంది. మంచిదే. కానీ కొత్తగా వేసిన మిషన్‌లో ప్యాకేజీల జాబితాయే ఉండదు కాబట్టి, ముందు జాబితా కోసం ఒకసారి, తర్వాత ప్యాకేజీల కోసం ఇంకోసారి తిరగాలి. పక్క గదిలో మిషన్ అయితే సరే, ఇబ్రహీంపట్నం దాటి వెళ్లాల్సినవాడికి కవలే దిక్కు.

మరుసటి శనివారం తెలుగు ఫాంట్ల ప్యాకేజీ కూడా కలుపుకుని వెళ్లాను. పదకొండింటికి ఎనిమిది మిషన్లూ అయిపోయాయి. ఆ పాప మూడో మిషన్ దగ్గర కూర్చుని అన్నం బెల్ కొట్టినా లేవలేదు.

ఒక్క మాట, మీ ఆఫీసులో పెన్‌డ్రైవ్ పెట్టనిస్తారో లేదో ముందే అడగండి. కొన్నిచోట్ల యూఎస్‌బీ పోర్టులు కూడా మూసేస్తారు.