పుదుచ్చేరిలో పాత ఇల్లు: ఏ వీధి, ఏ గది?

ప్రశ్న: ఫిబ్రవరి 20న మా పెళ్లయి ఇరవై ఐదేళ్లు నిండుతాయి. మూడు రాత్రులు పుదుచ్చేరిలో గడపాలని అనుకుంటున్నాం. నేను, మావారు, ఇంటర్ చదివే మా అమ్మాయి, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు వస్తాం. పెద్ద హోటళ్లు వద్దు. పాతకాలపు ఇంటిని హోటల్‌గా మార్చినది కావాలి, గదిలోంచి సముద్రం కనిపించాలి. రెండు గదులు తీసుకుంటాం, గదికి రోజుకి ఏడెనిమిది వేలు పెట్టగలం. ఫోటోలు చూస్తుంటే అన్నీ బాగానే ఉన్నాయి, ఏది తీసుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు తేదీ సంగతి చూద్దాం. ఫిబ్రవరి 21 అరవిందాశ్రమాన్ని నడిపించిన, భక్తులు 'అమ్మ' అని పిలిచే ఆవిడ పుట్టినరోజు. ఆశ్రమంలో ఏడాదికి నాలుగైదు దర్శనం రోజులుంటాయి, వాటిలో అదొకటి. ఎక్కడెక్కడి భక్తులో ముందే వచ్చి దిగుతారు. అదే నెల 28న ఆ ఊరి పక్కనున్న అంతర్జాతీయ పట్టణం ఆరోవిల్ పుట్టినరోజు, 1968లో ఆ రోజునే మొదలుపెట్టారు. మీరు పెళ్లిరోజునే అక్కడ ఉండాలనుకుంటే మాత్రం నెలల ముందే గదులు పట్టుకోండి. ఓ రెండు వారాలు అటూ ఇటూ అయినా ఫరవాలేదంటే, ఫిబ్రవరి మొదటి వారంలో శనాదివారాలు తగలకుండా వెళ్లండి. వారాంతంలో చెన్నై, బెంగళూరు కార్లన్నీ అక్కడే ఉంటాయి, అద్దెలూ పెరుగుతాయి.

నాది మీ పక్కనున్న యానాం. మాకు పుదుచ్చేరి విహారానికి వెళ్లే ఊరు కంటే ముందు రాజధాని. కాలేజీ సీటుకీ, సెక్రటేరియట్‌లో ఫైలు కదలడానికీ, జిప్మర్ ఆసుపత్రికీ మా వాళ్లు అక్కడికే వెళ్తారు. నేనూ అలా పనుల మీద వెళ్తూ, ఏ వీధిలో పడుకుంటే నిద్ర పడుతుందో తెలుసుకున్నదాన్ని. అందుకే మీ కోరికల్లో ఒకటి వదిలేయమని చెప్తున్నాను: సముద్రం కనిపించే గది.

సముద్రానికి ఎదురుగా ఉన్నది ఒక్క రోడ్డే, గూబేర్ అవెన్యూ. అందరూ బీచ్ రోడ్డంటారు. సాయంత్రమయ్యేసరికి దాని మీద వాహనాలు ఆపేస్తారు, ఊరంతా అక్కడికి నడకకు వస్తుంది. గాంధీగారి విగ్రహం, పాత లైట్‌హౌస్, ఫ్రెంచి యుద్ధ స్మారకం అన్నీ ఆ రోడ్డు మీదే. నడవడానికి అంత హాయైన చోటు ఇంకోటి లేదు. కానీ ఆ రోడ్డు మీద పాత ఇళ్ల హోటళ్లు బహు తక్కువ, ఉన్నవాటిలో సముద్రం వైపు గదికి వసూలు చేసేది కిటికీ డబ్బే. పైగా రాత్రి పొద్దుపోయేదాకా జనం మాటలు వినిపిస్తాయి. మీరు లోపలి వీధుల్లో ఎక్కడ దిగినా సముద్రం పది పదిహేను నిమిషాల నడకే. అత్తగారికి ఆటో మాట్లాడండి, ముందే బేరం చేసుకోండి.

ఇక ఏ వైపు దిగాలి? ఊరి మధ్యలో ఒక కాలువ ఉంది. దానికి తూర్పున, సముద్రం వైపు ఉన్నది ఫ్రెంచివాళ్ల పేట, వైట్ టౌన్ అంటారు. పడమర ఉన్నది తమిళపేట. పత్రికల్లో కనిపించే పసుప్పచ్చ గోడలు, కాగితంపూల తీగలు, ఎత్తయిన ప్రహరీలు, కమానుల గుమ్మాలు తూర్పు వైపువి. అక్కడి ఇల్లు వీధికి గోడే చూపిస్తుంది, అందమంతా లోపల దాచుకుంటుంది. తమిళపేట ఇల్లు అలా కాదు. వీధి అరుగు, దాని మీద కర్ర స్తంభాల వసారా, లోపల ఆకాశానికి తెరుచుకున్న మండువా. మన గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలో పెరిగినవాళ్లకి అడుగు పెట్టగానే ప్రాణం లేచొస్తుంది. కొన్ని ఇళ్లకి కింది అంతస్తు అచ్చంగా తమిళ పద్ధతిలోనూ, పై అంతస్తు కమాను కిటికీలతో ఫ్రెంచి పద్ధతిలోనూ ఉంటుంది. ఆ కలయిక మీకు ఇంకెక్కడా ఇంత నిండుగా కనిపించదు.

నా మాట తమిళపేటకే. అత్తగారు పొద్దున్నే లేచి మండువాలో కూర్చుని పేపరు చూసుకుంటారు. బయటికొస్తే వీధిలో ముగ్గు, పూలకొట్టు, కాఫీ అన్నీ ఉంటాయి. మాట కలపడానికి మనుషులు అక్కడ ఉన్నారు. వైట్ టౌన్‌లో కొన్ని వీధులు మధ్యాహ్నం పూట కెఫేలకు వచ్చేవాళ్లతో, ఫోటోలు దిగేవాళ్లతో నిండి ఉంటాయి, రాత్రి బార్ల చప్పుడు. పుదుచ్చేరిలో మందు చవకన్న సంగతి తెలిసిందే. తమిళపేటలో వైశ్యాళ్ వీధి చూడండి. పాత కట్టడాల్ని కాపాడే ఇంటాక్ సంస్థవాళ్లు యూరోపియన్ యూనియన్ సాయంతో వీధి వీధంతా పాత రూపానికి తెచ్చారు, దానికి 2008లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది. మీ అమ్మాయికి ఆ వీధిలో అరుగుల్ని ఒక్కొక్కటే చూపించండి. ఆనందరంగ పిళ్లై ఇల్లు కూడా తమిళపేటలోనే. ఫ్రెంచి గవర్నర్ డూప్లే దగ్గర దుబాసీగా ఉండి పద్దెనిమిదో శతాబ్దపు ఊరి సంగతులన్నీ దినచర్యగా రాసిపెట్టిన మనిషి ఆయన.

పెరుమాళ్ కోయిల్ వీధిలో మెజోఁ పెరుమాళ్ ఇలాంటి తమిళ ఇంటిని హోటల్‌గా మార్చినదే. తూర్పు వైపే కావాలంటే రోమా రోలాఁ వీధిలో ఓటెల్ ద లోరియాఁ, సఫ్రెన్ వీధిలో విల్లా శాంతి ఉన్నాయి. లోరియాఁ ఒకప్పటి విద్యాశాఖ కార్యాలయం, గుమ్మం మీద ఆ ఫ్రెంచి పేరు ఇంకా ఉంది. వీటి అద్దెలు రోజుని బట్టి మారతాయి, మీ లెక్కలోకి వస్తాయో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. ఇవి కాక చిన్నచిన్నవి చాలా ఉన్నాయి.

అసలు విషయానికి వస్తాను. పాత ఇంట్లో మీరు తీసుకునేది హోటల్‌ని కాదు, ఒక గదిని. కొత్త హోటల్లో 203, 303 ఒకేలా ఉంటాయి. పాత ఇంట్లో ఒకటి పడకగది, ఒకటి ధాన్యం గది, ఒకటి మేడ మీద వేసిన కొత్త గది అయ్యుంటుంది. ఒకే అద్దె, వేరువేరు బతుకు. కాబట్టి యాప్‌లో డబ్బు కట్టేముందు హోటల్‌కే ఫోన్ చేసి గది పేరో నంబరో చెప్పించుకోండి. ఆ గది ఫోటో, దాని స్నానాలగది ఫోటో వాట్సాప్‌లో పంపమనండి. పంపడానికి నసిగితే వదిలేయండి.

అడగాల్సిన మొదటి ప్రశ్న, 'ఈ గది పాత ఇంట్లోనే ఉందా, అనెక్స్‌లోనా?' అని. ఒకసారి మా పెద్దమ్మతో వెళ్తే ఒక చోట బర్మా టేకు స్తంభాల ఫోటోలు చూపించి, తీరా వెళ్లాక ఎదురు సందులో కాంక్రీటు కట్టడంలో గది ఇచ్చారు. మండువాలో కూర్చోవచ్చండీ అన్నారు. కూర్చోవడానికి కాదు కదా మేం అంత దూరం వెళ్లింది! అప్పటినుంచి ఈ ప్రశ్న అడగకుండా నేను ఎవరికీ గది బుక్ చేయలేదు.

రెండోది మెట్లు. వాటికి లిఫ్టు ఉండటం అరుదు, మేడమెట్లు నిటారుగా ఉంటాయి. అత్తగారికి కింది గదే తీసుకోండి. అయితే కింది గది అనగానే సరిపోదు. గడప ఎత్తెంత, స్నానాలగదిలోకి మెట్టుందా, పట్టుకోవడానికి కమ్మీ ఉందా అని అడగండి. పాత ఇళ్లకి స్నానాలగదులు తర్వాత కలిపినవే కాబట్టి, పైపులు పోనివ్వడానికి నేల ఎత్తు చేసి ఉంటారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు జారేది అక్కడే. తడిస్తే నున్నటి గచ్చు మరీ ప్రమాదం.

మూడోది కిటికీ. మండువా వైపు తెరుచుకునే కిటికీ చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ అదే మండువాలో పొద్దున టిఫిన్లు పెడతారు, గిన్నెల చప్పుడు, పక్కవాళ్ల మాటలు. కర్టెన్ వేసుకుంటే గది చీకటి. రెండు వైపులా గాలాడే గదుందా అని అడగండి. కాలువని ఆనుకున్న గది మాత్రం తీసుకోవద్దు, వాసనా దోమలూ వేధిస్తాయి.

టిఫిన్‌లో ఇడ్లీ, పొంగల్ ఉంటాయా లేక బ్రెడ్డూ జాముతో సరిపెడతారా అని కూడా కనుక్కోండి. అత్తగారు ఉన్నారు కదా.

అద్దె గురించి ఒక లెక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 రూపాయల దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. అంటే 7,400 గదికి మీ చేతిలోంచి పోయేది 7,770. 7,600 గదికి 8,968. రెండొందల తేడా పన్నెండు వందలవుతోంది. మీరు చెప్పిన 'ఏడెనిమిది వేలు' సరిగ్గా ఈ గీత మీదే ఉంది. చెప్పిన అద్దె పన్నుతో కలిపా, పన్ను కాకుండానా అని తప్పకుండా అడగండి.

రైలు: మీ కాకినాడ నుంచి సర్కార్ ఎక్స్‌ప్రెస్ పుదుచ్చేరి దాకా వెళ్తుంది, వెళ్లే రోజులు చూసుకోండి. కుదరకపోతే చెన్నైలో దిగి, సముద్రం పక్కనున్న ఈసీఆర్ రోడ్డు మీద కారులో వెళ్లండి, 150 కిలోమీటర్లు. అత్తగారికి మహాబలిపురంలో ఓ గంట విశ్రాంతి ఇవ్వచ్చు.

ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం. హోటల్ గేటు దాటితే ఇసుకలోకి దిగి ఈత కొట్టేలా ఉండాలి. వైట్ టౌన్‌లో అలాంటిది చెప్పండి.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వైట్ టౌన్‌లో అలాంటిది లేదు. ఊరి ముందు తీరమంతా నల్లరాళ్ల కట్ట. ఒకప్పుడు అక్కడ వెడల్పయిన ఇసుక తీరం ఉండేది. 1980ల చివర్లో దక్షిణాన హార్బరు కోసం సముద్రంలోకి గోడలు కట్టారు. మన తూర్పు తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. ఆ గోడలు దాన్ని ఆపేశాయి, ఊరి ముందు ఇసుక కొట్టుకుపోయింది, కోత ఆపడానికి రాళ్లు పోశారు. ఈమధ్య సెక్రటేరియట్ ఎదుట నీళ్లలో కృత్రిమ దిబ్బ కట్టాక కొంత ఇసుక తిరిగొచ్చింది. అక్కడ కూర్చోవచ్చు, పిల్లలు ఆడుకోవచ్చు. ఈత వద్దు, అడుగున లాగేస్తుంది. మీ నలుగురి ఇళ్లల్లోనూ మీకోసం ఎదురుచూసేవాళ్లున్నారు.

ఇసుకే ముఖ్యమైతే ఊరికి ఉత్తరాన సెరెనిటీ బీచ్ వైపు దిగండి. అది కోట్టకుప్పం దగ్గర, తమిళనాడులోకి వస్తుంది. పాత ఇళ్లు అక్కడ ఉండవు, చిన్న రిసార్టులూ గెస్ట్‌హౌస్‌లూ ఉంటాయి. సర్ఫింగ్ నేర్పేవాళ్లు ఉన్నారు, సముద్రంలోకి వాళ్ల తోడుతోనే దిగండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రం వెళ్లకండి. ఈశాన్య రుతుపవనాల వానలు అప్పుడే. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గరే తీరం దాటి ఊరిని ముంచేసింది.

ప్రశ్న: ఒంటరిగా వెళ్తున్నాను, వయసు 58. ఆశ్రమం గెస్ట్‌హౌస్‌లో గది ఇస్తారా? భక్తురాలిని కాదు.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఇస్తారు. భక్తులు కానివాళ్లూ దిగుతారు. నన్నడిగితే ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకి అదే మంచి చోటు. బీచ్ రోడ్డు దక్షిణం కొసన పార్క్ గెస్ట్‌హౌస్ ఉంది. తోట, తోట అవతల సముద్రం. పైన కాకినాడ ఆవిడకి వద్దన్న సముద్రపు గది ఇక్కడ తక్కువ డబ్బుకే దొరుకుతుంది. అలంకారాలేమీ ఉండవు, గది శుభ్రంగా ఉంటుంది. మందు, సిగరెట్లు నిషేధం. రాత్రి గేటు మూసేస్తారు, ఎన్నింటికో దిగగానే అడిగి పెట్టుకోండి. దర్శనం రోజుల్లో దొరకదు: ఫిబ్రవరి 21, ఏప్రిల్ 24, ఆగస్టు 15, నవంబరు 24. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి. తూర్పు వైపు గదే ఇమ్మని బుక్ చేసేటప్పుడే గట్టిగా అడగండి.